ఇత్తడికి జ్ఞాపకం ఉంటుందా?

పిల్లలూ! ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారని మీకు తెలుసు కదా. ఆ రోజుల్లో చాలా ఊళ్లలో పోలీసులు తమ తుపాకులను, తూటాలను బల్లల మీద పేర్చి బడిపిల్లలకు చూపిస్తారు. ఒక ఏడు ఆదోనిలో మా తరగతి పిల్లలను నేనూ తీసుకుపోయాను. అందరూ తుపాకుల చుట్టూ మూగారు. ఒక్క కుర్రవాడు మాత్రం రైఫిలు తూటాల దగ్గర నిలబడి, "సార్! ఇవి పాతవా? మెడకాడ మసి పట్టింది" అన్నాడు.

అక్కడున్న పోలీసాయన నవ్వి, "కొత్తవేనప్పా! పెట్టెలోంచి ఇప్పుడే తీసినాం" అన్నాడు. నేనూ వంగి చూశాను. తూటా ఒళ్లంతా బంగారంలా మెరుస్తున్నది. మెడ దగ్గర మాత్రం నీలం, గోధుమరంగు కలిసిన నీడలాంటి మచ్చ ఉన్నది. ఒక్కదానికి కాదు, అన్నింటికీ అదే చోట ఉన్నది.

ఆ మచ్చను చూడగానే నాకు ఎమ్మిగనూరులో మా ఇంటి పశువులపాక గుర్తుకు వచ్చింది. అక్కడ పగిలిపోయిన ఒక ఇత్తడి బిందె గుర్తుకు వచ్చింది. తూటాకూ బిందెకూ ఏమిటి సంబంధం అంటారా? ముందు బిందె కథ వినండి.

రెండు బిందెలు

1980 ప్రాంతం. నేను అప్పుడు నాలుగో తరగతి. మా అత్త పెళ్లి కుదిరింది. ఇంట్లో ఒక పాత గంగాళం ఉండేది. దాని అడుగు చిల్లి పడింది. "ఇత్తడి మంచిది, పారేస్తామా? కోసి రెండు బిందెలు చేయించండి. ఒకటి పిల్లకిద్దాం, ఒకటి ఇంట్లో పెట్టుకుందాం" అన్నది అవ్వ. ఊరిలో కంచరిపని చేసే ఆచారిని పిలిపించారు.

ఆయన కొలిమి దగ్గర తిత్తి ఊదే పని నాది. ఆచారి గంగాళాన్ని కోసి రేకులు చేశాడు. రేకును దాగలి మీద పెట్టి సుత్తితో కొడుతూ గుండ్రంగా తిప్పేవాడు. కాసేపు కొట్టాక సుత్తి మోత మారేది. మెత్తగా వినిపించేది కాస్తా ఖంగుమనేది. వెంటనే ఆయన కొట్టడం ఆపి, రేకును నిప్పుల్లో పెట్టి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాడు. మళ్లీ కొట్టేవాడు. దీనిని ఆయన 'కాక పెట్టడం' అనేవాడు. ఒక్కో బిందెకు ఎన్ని కాకలు పెట్టాడో లెక్క లేదు.

బిందెలో కష్టమైన భాగం మెడ. వెడల్పుగా ఉన్న రేకును కొట్టి కొట్టి సన్నగా కుదించాలి. మెడ పూర్తయ్యేసరికి పెళ్లి రెండు రోజుల్లో పడింది. "ఇంగొక్క కాక పెట్టాల పెద్దాయనా! మెడకాడ ఇత్తడి బిర్రుగా ఉండాది" అన్నాడు ఆచారి. కాక పెడితే బిందె నల్లబడుతుంది. మళ్లీ చింతపండుతో తోమి మెరుగు పెట్టడానికి ఒక రోజు పడుతుంది. "చాల్లే ఆచారీ, పెళ్లి దగ్గర పడింది. మెరుగు పెట్టి ఇచ్చెయ్" అన్నాడు మా తాత. ఆచారి మారు మాట్లాడలేదు.

ఒక బిందె అత్తతోపాటు ఆదోనికి వెళ్లింది. రెండోది ఇంట్లో చోటు చాలక పశువులపాకలో ఒక మూల గూట్లో పెట్టారు. ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. ఆవులు, ఎద్దులు రాత్రింబవళ్లు పాకలోనే ఉన్నాయి. వానలు తగ్గాక అవ్వ బిందె తీసి చూస్తే మెడ పొడుగునా వెంట్రుకలాంటి బీటలు! ఎవరూ తాకలేదు, కింద పడలేదు. నీళ్లు పోస్తే సన్నగా కారిపోయాయి.

"కల్తీ ఇత్తడి కలిపినాడు" అన్నారు ఇంట్లో. ఆచారికి ఇవ్వవలసిన సగం కూలి ఆపేశారు. ఆయన వచ్చి బిందెను చేతిలోకి తీసుకుని ఒక్కటే మాట అన్నాడు: "అదే గంగాళం, అదే చెయ్యి. ఆదోనికి పోయిన బిందెకేమీ కాలేదు గదా, పెద్దాయనా?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మాట ఊరంతా పాకింది. ఆ తరువాత ఆయన కొలిమి దగ్గర జనం పలచబడ్డారు.

ఎవరిది తప్పు? ఆచారిదా, ఇత్తడిదా, మాదా? ఇది తేలాలంటే లోహం లోపలికి తొంగి చూడాలి.

మీరే చేసి చూడండి

కరెంటు సామాన్ల దుకాణంలో ఒక మూర కొత్త రాగితీగ కొనండి. పెన్సిలు ముల్లంత లావు ఉంటే చాలు. ఇంట్లో గోడకున్న తీగల జోలికి మాత్రం పోవద్దు. పైతొడుగు తీసి, తీగను వేలికి చుట్టండి. సులభంగా వంగుతుంది. మళ్లీ తిన్నగా చేసి, అదే చోట వంచండి. ఇలా కొన్నిసార్లు చేస్తే తీగ బిరుసెక్కి, వంచడానికి బలం కావలసి వస్తుంది. ఇంకా వంచుతూ పోతే చివరకు పుటుక్కున తెగుతుంది.

ఇప్పుడు బిరుసెక్కిన మరో ముక్కను తీసుకోండి. ఇంట్లో పెద్దవారిని పిలిచి, పటకారుతో పట్టి పొయ్యి మంటలో ఎర్రబడేదాకా కాల్చమనండి. తరువాత నీళ్లలో ముంచి వంచి చూడండి. కొత్త తీగలా మెత్తగా వంగుతుంది! కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. రాగి, ఇత్తడి అలా కాదు. కాల్చి నీళ్లలో ముంచినా అవి మెత్తబడతాయి.

లోహం లోపల ఏమి జరుగుతుంది?

రాగి రెండు పాళ్లకు కొంచెం ఎక్కువ, జింకు ఒక పాలుకు కొంచెం తక్కువ కలిపితే మంచి ఇత్తడి అవుతుంది. సరిగ్గా చెప్పాలంటే నూటికి 70 వంతులు రాగి, 30 వంతులు జింకు. ఈ పాళ్లలో కలిపిన ఇత్తడికి 'తూటా ఇత్తడి' అనే పేరే ఉంది.

లోహం కంటికి ముద్దలా కనిపించినా, అది చిన్న చిన్న స్ఫటికాల కూర్పు. ప్రతి స్ఫటికంలోనూ పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. లోహం వంగిందంటే ఆ వరుసలు ఒకదాని మీద ఒకటి జారాయన్నమాట. అయితే ఒక వరుస మొత్తం ఒక్కసారిగా జారదు. బడిలో పెద్ద జంపఖానాను పక్కకు జరపాలంటే ఏం చేస్తారు? మొత్తాన్ని లాగితే కదలదు. ఒక చివర చిన్న మడత లేపి, ఆ మడతను కాలితో నెట్టుకుంటూ రెండో చివరకు తీసుకుపోతే జంపఖానా కొంచెం జరుగుతుంది. లోహంలోనూ ఇలాంటి మడతలే పరుగెడతాయి. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరోవాన్, పొలానీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారుగా ఊహించి చెప్పారు.

సుత్తితో కొట్టిన కొద్దీ ఈ మడతలు వేలు, లక్షలుగా పుట్టుకొస్తాయి. ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఎమ్మిగనూరు పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది. మగ్గం మీద పడుగు నూలు చిక్కుపడితే ఒక్క పోగు కూడా కదలదు కదా! అలాగే మడతలు చిక్కుపడితే వరుసలు జారలేవు. లోహం బిరుసెక్కుతుంది. మెత్తని ఇత్తడి తీగ 10 సెంటీమీటర్లు తీసుకుని లాగితే సుమారు 16 సెంటీమీటర్లదాకా సాగి తెగుతుంది. బాగా బిరుసెక్కిన తీగ అయితే అర సెంటీమీటరు సాగడం కూడా కష్టం.

అంతే కాదు. కొట్టిన చోట ఒక పొర సాగాలని చూస్తే, పక్క పొర సాగనివ్వదు. ఆ పెనుగులాట లోహం లోపల అలాగే నిలిచిపోతుంది. పైకి బిందె నున్నగా, మెరుస్తూ ఉంటుంది. లోపల మాత్రం లాగిపట్టిన వింటినారిలా బిగువు ఉంటుంది. ఆచారి 'బిర్రుగా ఉండాది' అన్నది దీనినే. తన మీద పడిన ప్రతి దెబ్బనూ ఇత్తడి ఇలా జ్ఞాపకం పెట్టుకుంటుంది.

ఆ జ్ఞాపకాన్ని చెరిపేది నిప్పు. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కాసేపు ఉంచితే లోపలి బిగువు చాలావరకు సడలుతుంది, గట్టిదనం మాత్రం పోదు. ఇంకా వేడిచేసి 500, 600 డిగ్రీలకు తీసుకుపోతే పాత స్ఫటికాల చోట చిక్కులేని కొత్త స్ఫటికాలు మొలుస్తాయి. ఇత్తడి మళ్లీ పసిదవుతుంది. దీనిని 'ఎనీలింగు' అంటారు. మన కంచరివారు తరతరాలుగా 'కాక' అన్నది ఇదే.

తూటా మెడ మీద మచ్చ

ఇప్పుడు తూటా సంగతి చూద్దాం. తూటా అంటే ఒక్క వస్తువు కాదు. ముందు గుండు, దాని వెనుక మందు, రెండింటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు. రైఫిలు పేలినప్పుడు లోపలి పీడనం 3 వేల వాతావరణ పీడనాలకు పైగా పెరుగుతుంది. లారీ టైరులో ఉండేది 7, 8 మాత్రమే! ఆ క్షణంలో తొడుగు ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుపోవాలి. లేకపోతే వేడి వాయువు వెనక్కు తన్ని కాల్చేవాని ముఖం కాలుతుంది. మరుక్షణంలో తొడుగు కొంచెం ముడుచుకోవాలి. లేకపోతే బయటికి రాదు. అందుకే అడుగు గట్టిగా, మెడ మెత్తగా ఉండాలి. ఒకే వస్తువులో రెండు గుణాలు కావాలన్నమాట.

తొడుగును పోతపోయరు. ముందు ఇత్తడి రేకునుంచి చిన్న గిన్నె కత్తిరిస్తారు. ఆ గిన్నెను అచ్చుల్లోకి నొక్కుతూ పొడుగ్గా సాగదీస్తారు. నొక్కినప్పుడల్లా ఇత్తడి బిరుసెక్కుతుంది. అందుకని మధ్య మధ్య కాక పెడతారు. చివరకు మెడ కుదిస్తారు. ఆ తరువాత మెడకు మాత్రమే మంట చూపి మెత్తబరుస్తారు. ఆ మంట మిగిల్చిన గుర్తే మా కుర్రవాడు చూసిన మచ్చ! అది మసి కాదు. 'నాకు ఆఖరి కాక పెట్టారు' అని తూటా చూపించే ముద్ర.

ఒక కొలత తొడుగును మరో కొలతకు మార్చడం కూడా ఉంది. మన దేశంలోనే దీనికి ఒక చిత్రమైన కారణం ఏర్పడింది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో తెల్లదొరల ప్రభుత్వం ఇండియాలో 0.450 అంగుళాల కొలత తూటాలను ప్రజలకు నిషేధించింది. అవి తిరుగుబాటుదారుల చేతిలోని పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులకు పనికొస్తాయేమోనని భయం! వేట తుపాకులు చేసే ఇంగ్లండు కంపెనీలు కొత్త కొలతలు వెతుక్కున్నాయి. అలా పేరుకెక్కిన వాటిలో 0.470 తూటా ఒకటి. అది పుట్టింది 0.500 అంగుళాల తొడుగు మెడను కుదించగా. అమెరికాలో 1952లో వచ్చిన 7.62 మిల్లీమీటర్ల తూటా తొడుగునే మెడ దగ్గర సుమారు 6.2 మిల్లీమీటర్లకు కుదించి 1955లో మరో తూటా తెచ్చారు. పాత గంగాళం బిందె అయినట్టే ఇదీ. అక్కడా ఇక్కడా నియమం ఒకటే: మెడ కుదించినా, వెడల్పు చేసినా కాక మరిస్తే ఇత్తడి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎక్కడైనా తూటా దొరికితే, ఖాళీదైనా సరే, ముట్టుకోకండి. పెద్దవారికి, పోలీసులకు చెప్పండి. తడిసినా, చిలుము పట్టినా లోపలి మందు పేలవచ్చు. అనుమతి లేకుండా తూటాలు దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం కూడా.

వానాకాలపు పగుళ్లు

బ్రిటిషు వారి కాలంలో మన దేశంలోని సైన్యానికి ఒక వింత కష్టం వచ్చింది. వానాకాలంలో యుద్ధాలు, కవాతులు తగ్గేవి. అప్పుడు తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు వెలిశాక పెట్టెలు తెరిచి చూస్తే, ఎవరూ కాల్చని కొత్త తూటాలు మెడ దగ్గర బీటలు వారి ఉండేవి. ముఖ్యంగా గుండును పట్టి నొక్కిన చోట పగుళ్లు ఎక్కువ. ఋతువు మారినప్పుడల్లా కనిపిస్తాయి కనుక వీటికి 'ఋతు పగుళ్లు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కారణం మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు.

1921లో ఇంగ్లండులో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు ఆ ముడి విప్పారు. దొంగ ఎవరో తెలుసా? గుర్రపుశాలలోని వాసన!

పశువుల మూత్రంలో యూరియా ఉంటుంది. సూక్ష్మజీవులు దానిని విడగొట్టినప్పుడు అమోనియా వాయువు పుడుతుంది. పాకలోకి పోగానే ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. అమోనియాకు రాగి అంటే మహా ఇష్టం. ప్రయోగశాలలో మైలుతుత్తం ద్రావణంలో అమోనియా కలిపితే ముదురు నీలిరంగు రావడం పెద్ద తరగతుల పిల్లలు చూసే ఉంటారు. రాగి, అమోనియా జతకట్టడం వల్ల వచ్చే రంగు అది. ముసురుకు ఇత్తడి మీద సన్నని తేమ పొర పడుతుంది. అమోనియా అందులో కరిగి, ఇత్తడి స్ఫటికాల సందుల్లోకి దిగి రాగిని కరిగిస్తుంది. మామూలు ఇత్తడి అయితే కొంచెం రంగు మారి ఊరుకుంటుంది. కానీ లోపల బిగువు ఉన్న ఇత్తడిలో సందు కొంచెం తెరుచుకోగానే బిగువు దానిని ఇంకా లాగుతుంది. కొత్త లోహం బయటపడుతుంది. అమోనియా మళ్లీ కొరుకుతుంది. అలా బీట ఒక కొసనుంచి మరో కొసకు పాకుతుంది.

ఇందుకు మూడూ కలవాలి. జింకు ఎక్కువగా కలిసిన ఇత్తడి, దాని లోపల బిగువు, బయట తేమతో కూడిన అమోనియా. ఏ ఒక్కటి లేకపోయినా పగులు రాదు.

మళ్లీ బిందె దగ్గరికి

ఇప్పుడు మీరే న్యాయమూర్తులు. రెండు బిందెలు ఒకే గంగాళం నుంచి పుట్టాయి. కనుక కల్తీ మాట అబద్ధం. రెంటినీ ఒకే మనిషి చేశాడు. కనుక చేతిలో లోపం లేదు. రెంటికీ ఆఖరి కాక తప్పింది. కనుక రెంటిలోనూ బిగువు ఉంది. తేడా ఒక్కటే: ఒకటి వంటింటికి వెళ్లింది, ఒకటి పశువులపాకకు వెళ్లింది. శాస్త్రంలో దీనినే సరిపోల్చే ప్రయోగం అంటాం. అన్నీ సమానంగా ఉంచి, ఒక్కటి మాత్రం మార్చి చూడడం. ఆచారి ఆ రోజు అడిగిన ప్రశ్న అచ్చంగా అదే! బడికి వెళ్లని ఆ మనిషి శాస్త్రజ్ఞునిలా ఆలోచించాడు. చదువుకున్న మా ఇల్లు జవాబు చెప్పలేకపోయింది.

నేను ఈ పగుళ్ల సంగతి చదివింది డిగ్రీ అయి, బి.ఎడ్. చేసే రోజుల్లో. పుస్తకంలో గుర్రపుశాల మాట కనిపించగానే మా పాక కళ్ల ముందు నిలిచింది. ఎమ్మిగనూరు వెళ్లి వెతికితే కొలిమి లేదు, ఆచారీ లేడు. స్టీలు సామాన్లు వచ్చి ఇత్తడి పని పోయింది. ఆయన కొడుకు చిన్న స్టీలు సామాన్ల అంగడి పెట్టుకుని ఉన్నాడు. నేను అమోనియా గురించి, బిగువు గురించి చెప్పి, మా తాత తరఫున క్షమించమని అడిగాను. ఆపిన కూలి అతని చేతిలో పెట్టబోయాను. అతను తీసుకోలేదు. "మా నాయనకు తెలుసు సార్! ఒక్క కాక తక్కువైంది, నేను గట్టిగా చెప్పాల్సింది అని ఇంట్లో అనేవాడు" అన్నాడు.

ఆ మాట నన్ను ఈనాటికీ వదలలేదు. ఇంత మంది పిల్లలకు లోహాల పాఠం చెప్పినా, ప్రతి ఏడూ ఆ పాఠం దగ్గర ఆయన పేరు తలచుకోకుండా ముందుకు పోలేను.

ఈ 'కాక' పాత కొలిమితో పోలేదు. 1971లో హైదరాబాదులో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అణు విద్యుత్ కేంద్రాల కోసం జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలు చేస్తారు. చల్లగా ఉన్న లోహాన్ని సాగదీసి గొట్టం సన్నబరచడం, గాలిలేని కొలిమిలో కాక పెట్టడం, మళ్లీ సాగదీయడం - అక్కడా వరుస ఇదే. కొలిమి మారింది, లోహం మారింది, సూత్రం మారలేదు.

మీ ఇంట్లో అవ్వల కాలంనాటి ఇత్తడి బిందెలు, చెంబులు ఉంటే ఒకసారి మెడల దగ్గర పరీక్షగా చూడండి. పొడుగునా సన్నని బీటలున్నవి ఏవి? అవి ఎక్కడ ఉండేవో పెద్దవారిని అడిగి తెలుసుకోండి. పాకలోనా, వంటింట్లోనా? రాసి పెట్టుకోండి. మా అత్త బిందె మాత్రం ఆదోనిలో ఇంకా ఉన్నది. నలభై ఏళ్లు దాటినా చుక్క నీరు కారదు.